మూడో కుట్టు

ఇస్త్రీ అక్క చెయ్యి కాలిన రోజునే ఆరాకి అనుమానం మొదలైంది.

చెయ్యి కాలడం వింతేమీ కాదు. కోట కుట్టుశాలలో ఇస్త్రీ గది అంటేనే కొలిమి. బొగ్గుల పెట్టెలు పొద్దున్నించి సాయంత్రం దాకా కణకణలాడుతూనే ఉంటాయి. వింత ఏమిటంటే, ఆమె అరవలేదు. ఎడమ అరచేత్తో సిపాయి కోటు కాలరుని అదిమిపట్టి, కుడిచేత్తో ఇస్త్రీపెట్టె నడుపుతోంది. పెట్టె అంచు చిటికెనవేలు మీదికి ఎక్కింది. అయినా చెయ్యి తియ్యలేదు. కమురు వాసన గుప్పుమన్నాక, గుమ్మంలో కోట్ల మోపుతో నిలబడ్డ ఆరాయే కెవ్వుమని ఆమె చెయ్యి లాగేసింది. కాలరు మీంచి అరచెయ్యి ఇలా లేచిందో లేదో, ఇస్త్రీ అక్క "అమ్మో!" అని ఎగిరి గంతేసింది.

"ఇంతసేపూ ఏం చేస్తున్నావక్కా?" అంది ఆరా, చెయ్యి నీళ్ళ బకెట్లో ముంచుతూ.

"కాలుతోందని తెలుస్తూనే ఉందే. కానీ ఏమిటో... కాలితే కాలనీలే అనిపించింది." ఇస్త్రీ అక్క తన చేతిని తనే కొత్తగా చూసుకుంది. "నాకేమైనా పిచ్చెక్కుతోందంటావా?"

పిచ్చి కాదని ఆరాకి తెలుసు. మరేమిటో తెలియదు. తెలియని విషయం ఒకటుంటే ఆ పిల్లకి అన్నం సహించదు. అసలు పేరు వేరే ఉన్నా, పదిహేడేళ్ళొచ్చినా అందరూ ఇంకా ఆరా అనే పిలుస్తున్నది అందుకే. మిషను చక్రం ఎటు తిరుగుతుంది, సూదికి బెజ్జం ఆ చివరే ఎందుకుంది, బొత్తాలకి నాలుగు కన్నాలెందుకు, ఇలా ప్రతిదాని గురించీ ఆరా తీసేది. తల్లి పోయాక పెంచిన పిన్ని కుట్టుశాలకి పెద్ద కాబట్టి ఎవరూ విసుక్కునేవాళ్ళు కాదు. పిన్ని మాత్రం అందరి తరఫునా విసుక్కునేది.

సిపాయి కోటుకి మెడ చుట్టూ నిలబడే కాలరు ఉంటుంది. బయటికి రెండు వరసల కుట్టు కనిపిస్తుంది. అవి మిషను మీద ఎవరైనా కుడతారు. మూడోది లోపల, మెడకి ఆనుకునే గుడ్డ మీద, చేత్తో వేసే సన్నటి కుట్టు. అది పిన్ని ఒక్కతే వెయ్యాలి. తన గదిలో, తెర వేసుకుని వేసేది. కోట్లకి బొత్తాలు కుట్టే బొత్తాల మామ్మ తెర సందులోంచి చూసి, కుడుతున్నంతసేపూ ఆవిడ పెదాలు కదులుతూనే ఉంటాయని చెప్పింది. ఇస్త్రీ అక్క అరచెయ్యి ఆనింది సరిగ్గా ఆ మూడో కుట్టు మీదే.

మర్నాడు భోజనాల వేళ ఆరా కోట్ల గదిలోకి దూరి, తయారైన కోటు ఒకటి తొడుక్కుని మెడ దాకా బొత్తాలు పెట్టుకుంది. ఏమీ కాలేదు. అద్దం ఉంటే బాగుండేది అనుకుంది. అంతలో గోడ మీద బల్లి కనిపించింది.

ఆరాకి లోకంలో దేనికీ భయం లేదు, బల్లికి తప్ప. బల్లి కనిపిస్తే కుర్చీ ఎక్కేది, కుర్చీ లేకపోతే పక్కనున్న మనిషిని ఎక్కేది. అలాంటిది ఇప్పుడు వేలు చాచి దాని వీపు తాకింది. చల్లగా, మెత్తగా ఉంది. అంతే. 'ఇన్నేళ్ళూ దీనికా నేను అరిచి చచ్చింది!' అనుకుని నవ్వుకుంది.

పక్క గదిలో దబ్బున చప్పుడైంది. ఆరా బయటికొచ్చి చూస్తే బొత్తాల మామ్మ నేల మీద పడి ఉంది. పళ్ళెం బోర్లాపడి బొత్తాలు గదంతా దొర్లుతున్నాయి. "పట్టుకోవే తల్లీ, మోకాలు..." అని మామ్మ చెయ్యి చాచింది. 'పడింది. లేస్తుందిలే' అనుకుంది ఆరా. మామ్మని దాటుకుని వెళ్ళి, కుండలోంచి నీళ్ళు ముంచుకుని తీరిగ్గా తాగింది. నీళ్ళు బాగున్నాయి. మెడ దగ్గర ఉక్కగా ఉందని పై బొత్తాం తీసి, కాలరు వెనక్కి మడిచింది.

చేతిలో గ్లాసు జారి నేలకి కొట్టుకుంది. పరుగెత్తుకెళ్ళి మామ్మని లేవదీసింది.

"నన్ను దాటుకుని పోయావేమే?" అంది మామ్మ. ఆవిడ గొంతులో కోపం లేదు, ఆశ్చర్యమే ఉంది. ఆరా వంగి, దొర్లిన బొత్తాలు ఏరడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం పిన్ని వంటింట్లో కూరగాయలు తరుగుతోంది. ఆరా వెళ్ళి ఎదురుగా చతికిలబడింది.

"పిన్నీ, మూడో కుట్టులో ఏం పెడుతున్నావు?"

"దారం."

"దారంలో?"

"ఇంకా సన్న దారం. లేచి గిన్నెలు కడుగు."

"ఇవాళ నేను కోటు తొడుక్కున్నాను."

పిన్ని చేతిలో కత్తి ఆగిపోయింది. ఆరా బల్లి గురించి చెప్పింది, మామ్మ గురించి చెప్పింది, తాగిన నీళ్ళ గురించి కూడా చెప్పింది. పిన్ని అంతా విని, "మామ్మకి మోకాలు వాచిందా?" అని అడిగింది. తరవాత మళ్ళీ కూరగాయల మీద పడింది. ఆరా కదిలేలా లేదని అర్థమయ్యాక నోరు విప్పింది.

"ఇది మా అమ్మ చేతి విద్య. మీ అమ్మకీ నాకూ నేర్పింది. పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు చూడు, అలా లేవకుండా చొక్కా మెడకి కుట్టేవాళ్ళం. సూది దించిన ప్రతిసారీ ఒక మాట అనాలి."

"ఏం మాట?"

"ఏం ఫర్వాలేదు."

"చెబితే ఫర్వాలేదులే పిన్నీ, చెప్పు."

"అదేనే మాట! 'ఏం ఫర్వాలేదు.' అంతే."

ఆరా నోరు వెళ్ళబెట్టింది. "నోరు తిరగని మంత్రం ఏదో ఉంటుందనుకున్నానే!"

"నోరు తిరగనిదైతే అది అంటూ కూర్చోవాలా, కుట్టాలా? మాట చిన్నదే. కానీ ఉత్తినే అంటే దారానికి పట్టదు. అనేటప్పుడు మనసులోనూ అదే ఉండాలి. ఏం కాదు, నేనున్నాను, అని నిజంగా అనుకోవాలి. పిల్లాడి మెడ మీద అమ్మ చెయ్యి వేసినట్టు."

"మరి సిపాయిలకెందుకు?"

పిన్ని గుమ్మం వైపు చూసింది. "మీ అన్నయ్యని కోటవాళ్ళు సిపాయిల్లోకి లాక్కుపోయిన రోజు గుర్తుందా? వీధి కుక్క మొరిగితే ఇంట్లోకి పరుగెత్తే వెధవ, ఈ గడప పట్టుకుని వదల్లేదు. ఏం చెయ్యను? వాడి కాలరుకి కుట్టాను. మిగతా కుర్రాళ్ళు వెనక్కి పరుగెత్తిన చోట వీడొక్కడూ నిలబడితే దళపతి కూపీ లాగాడు. తరవాత అందరికీ కుట్టమన్నాడు. కుట్టాను. ఏ తల్లి కన్న పిల్లలైనా భయంతో చావకూడదు కదే."

"భయంతోపాటు ఇంకేం పోతుందో నువ్వెప్పుడైనా చూశావా?"

"నా పని కాలరు వరకే," అంది పిన్ని. కానీ ఆ రాత్రి ఆవిడ సరిగ్గా తినలేదు.

ఆరా కడుపులో మాట దాగదు. పొద్దున్నే కట్టుకట్టిన చేత్తో పనికొచ్చిన ఇస్త్రీ అక్కకి మొత్తం చెప్పేసింది. చెప్పాక నాలిక కరుచుకుంది. ఎందుకంటే ఇస్త్రీ అక్కది కొండవీధి. కొండవీధిలో ఉండేదంతా రాళ్ళు కొట్టేవాళ్ళు. కోటకి కొత్త గోడ కట్టడానికి మేము రాయి కొట్టం, ముందు మాకు రావలసిన కూలి తేల్చండి అని వాళ్ళు ఎదురుతిరిగారు. కోట పెద్ద వాళ్ళ నీళ్ళ టవరుకి తాళం వేయించి, చుట్టూ సిపాయిల్ని నిలబెట్టాడు. అప్పటి నుంచి కొండవీధివాళ్ళు రోజూ ఖాళీ కుండలతో టవరు ముందు కూర్చుంటున్నారు. కోటవాళ్ళు దాన్ని తిరుగుబాటు అంటున్నారు. కొండవీధివాళ్ళు దాహం అంటున్నారు.

ఇస్త్రీ అక్క మొహంలో రంగు మారింది. "మా నాన్న చెయ్యి విరిగిన సంగతి నీకు చెప్పానుగా. 'ఒక్క కుండ నింపుకోనీ బాబూ' అన్నాడంతే. సిపాయి కర్ర ఎత్తి మోచెయ్యి విరగ్గొట్టాడు. నాన్నకి నొప్పి కంటే ఇంకోటి ఎక్కువ బాధగా ఉందిట. వాడి మొహంలో కోపం కూడా లేదుట. ఈగని తోలినట్టు కొట్టాట్ట." ఆమె గొంతు తగ్గించింది. "ఆ కుట్టు విప్పితే ఏమవుతుందే?"

ఆ ప్రశ్న ఆరాకీ అంతకు ముందే వచ్చింది. విప్పితే ఏమవుతుంది?

అన్నయ్య సెలవు మీద ఇంటికొచ్చిన మధ్యాహ్నం ఆ సంగతి తేలింది. పిన్ని కొడుకే అయినా ఆరాకి అతను సొంత అన్నయ్యే. కోటు స్నానానికి తప్ప విప్పకూడదని కోట నియమం. తింటున్నా, పడుకున్నా ఒంటి మీదే ఉండాలి. ఎండాకాలంలో కూడా అన్నయ్య స్నానాల గదిలోంచి వణుకుతూ వచ్చి గబగబా కోటు తొడుక్కునేవాడు. చన్నీళ్ళు పడవేమో అనుకునేది ఆరా. ఇప్పుడు ఆ వణుకు ఏమిటో అర్థమైంది.

అతను భోంచేసి, చాప మీద బోర్లా పడుకుని గురక పెడుతున్నాడు. కుట్లు విప్పే చిన్న కత్తి పట్టుకుని ఆరా అతని తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. కాలరుని రెండు వేళ్ళతో కాస్త ఎత్తి, ఒక కుట్టు తెంపింది. గురక ఆగలేదు. ఇంకోటి తెంపింది. మెడ చుట్టూ వచ్చేసరికి ఆమె ఒళ్ళంతా చెమట పట్టింది. చివరి దారం ముక్క లాగేయగానే అన్నయ్య లేచి కూర్చున్నాడు.

"ఏమే, నా గుండె ఎందుకిలా కొట్టుకుంటోంది?"

ఆరా దారం పిడికిట్లో దాచుకుంది. అన్నయ్య తన చేతుల్ని చూసుకున్నాడు. గోడకి ఆనించిన కర్రని చూశాడు. చూసిన చూపు దాని మీదే ఉండిపోయింది. తరవాత నెమ్మదిగా, తనతో తనే చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టాడు.

"ఒకాయన కుండ పట్టుకుని వచ్చాడు. నాన్న వయసుంటుంది. భుజం మీద గళ్ళ తువ్వాలు. 'ఒక్క కుండ నింపుకోనీ బాబూ' అన్నాడు. నేను... కుండ పగల్లేదే ఆరా. పడిపోతూ కూడా కుండ పగలకుండా పట్టుకున్నాడు. నాకప్పుడు ఏమీ అనిపించలేదు. ఎందుకనిపించలేదు?"

ఇస్త్రీ అక్క వాళ్ళ నాన్న. ఇంతకాలం లోకంలో సంగతులన్నీ తెలుసుకోవాలని తహతహలాడిన పిల్లకి, మొదటిసారి ఒకటి తెలియకపోతే బాగుండేదనిపించింది. అయినా చేసింది దాచలేదు. దారం చూపించి అంతా చెప్పింది.

అన్నయ్య తిట్టలేదు. "మళ్ళీ కుట్టెయ్యి" అన్నాడు. "దండం పెడతాను, కుట్టెయ్యి. దీంతో నేను బతకలేను."

అతని మొహం చూడలేక సూది తీసింది. ఒక్కో కుట్టుకీ 'ఏం ఫర్వాలేదు' అంది. దారం లోపలికి వెళ్ళింది, బయటికి వచ్చింది, ఉత్త దారంలాగే ఉంది. ఫర్వాలేదని ఆమె ఎలా అనుకోగలదు? సాయంత్రానికి అన్నయ్య ఆ ఉత్త కుట్టుతోనే, కళ్ళు కడుక్కుని, కోటకి తిరిగి వెళ్ళాడు. వెళ్ళకపోతే వెతుక్కుంటూ వస్తారు.

కుట్టు విప్పగానే దాని ప్రభావం పోయిందని మాత్రమే ఆరా ఇస్త్రీ అక్కకి చెప్పింది. కర్ర ఎవరిదో చెప్పలేకపోయింది. దానికి ఇస్త్రీ అక్క అన్న మాటకి ఆరా ఖంగుతింది.

"అయితే మా వాళ్ళకీ కుట్టించవే. తువ్వాళ్ళు తెస్తాను. మెడకి చుట్టుకుంటారు. సిపాయిల్ని చూస్తే మావాళ్ళకి కాళ్ళు చల్లబడుతున్నాయి. భయం లేకపోతే ఒక్క పూటలో టవరు మాదవుతుంది."

"కుదరదక్కా."

"ఎందుకు కుదరదు? కోటవాళ్ళకైతే కుదురుతుందా?"

"రెండు వైపులా ఫర్వాలేదనుకునేవాళ్ళే నిలబడితే, మధ్యలో పడ్డవాళ్ళని లేవదీసేది ఎవరు? నేను మామ్మని దాటుకుని పోయానక్కా. నీళ్ళు తాగాను."

"అసలు నువ్వెటు వైపో చెప్పు." ఇస్త్రీ అక్క పెట్టెని బల్ల మీద ఠంగున పెట్టింది. "మీ అన్న ఆ వైపు. మీ పిన్ని ఆ వైపు. తిండి పెట్టేది కోట. ఊరికే వచ్చి నా దగ్గర జాలి కబుర్లు చెప్పకు."

ఆరా బయటికొచ్చేసింది. ఎటు వైపో నిజంగానే ఆమెకి తెలియదు. పిన్ని చేతి ముద్ద తిని పెరిగింది. అన్నయ్య భుజాలెక్కి ఊరు చూసింది. ఇస్త్రీ అక్క చెయ్యి కాలితే తను అరిచింది. వీటిలో ఏది తీసి ఏ పక్కన పడేస్తుంది?

ఆ వారంలోనే దళపతి కుట్టుశాలకి వచ్చాడు. ఎత్తు మనిషి, మాట మెత్తన. అతని కోటుకి మూడో కుట్టు ఉండదు. వద్దని అతనే చెప్పాడుట. వెంట ఒక సిపాయి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. దళపతి పిన్ని గదిలోకి వెళ్ళాడు. తెర వేసే ఉంది గానీ మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"కొత్త కుర్రాళ్ళ కోట్లన్నీ రేపటికి కావాలమ్మా. ఎల్లుండి పొద్దున టవరు ఖాళీ చేయిస్తున్నాం. రాళ్ళు కొట్టే చేతులు కదా, ఊరికే లేవరు. మన వాళ్ళు కూడా కొందరు పోవచ్చు."

"పోవడమేమిటయ్యా?" అంది పిన్ని. "భయం లేకపోతే బతికొస్తారనే కదా నేను కుడుతున్నది."

దళపతి చిన్నగా నవ్వాడు. "పోయినా వాళ్ళకి ఏం ఫర్వాలేదు కదమ్మా. ఆ ఏర్పాటు నీ చేతుల్లోనే ఉందిగా."

ఆరా వినలేక గుమ్మం వైపు తిరిగింది. సిపాయి ప్రశాంతంగా గోడని చూస్తూ ఉన్నాడు. ఆమె వయసే ఉంటుంది. ఒళ్ళు మండి, చేతిలో ఉన్న నీళ్ళ చెంబు ఎత్తింది.

"ఈ నీళ్ళు నీ నెత్తిన పొయ్యనా?"

"పొయ్యి. ఫర్వాలేదు."

నిజంగానే కాస్త పోసింది. నీళ్ళు ముక్కు మీంచి కారుతున్నా అతను గోడనే చూస్తున్నాడు. ఆరాకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అంతలో చటుక్కున ఏదో తట్టి చెంబు కింద పెట్టేసింది. వీళ్ళు ధైర్యవంతులు కారు, దళపతికి విశ్వాసపాత్రులూ కారు. ఏది అడిగినా ఫర్వాలేదనేవాళ్ళు. దళపతి కొట్టమంటే కొడుతున్నారు, ఎందుకంటే ఇంతవరకూ వీళ్ళని అడిగింది అతనొక్కడే.

దళపతి వెళ్ళాక పిన్ని తెర తీసింది. ఒళ్ళో కొత్త కాలరు, చేతిలో సూది. "పట్టడం లేదే," అంది. "ఇరవై కుట్లు వేశాను. ఒక్కటీ పట్టలేదు." కళ్ళు తుడుచుకోవడానికి చేతికందిన ఆ కాలరే వాడి, మళ్ళీ దాన్ని చూసి విసిరేసింది. "వాళ్ళు బతకాలని నేను కుట్టాను. వాళ్ళని చావుకి పంపడానికి ఆ దళపతి వాడుకుంటున్నాడు."

"పాతవాళ్ళ కాలర్లలో ఇంకా ఉందిగా పిన్నీ," అంది ఆరా ఆవిడ పక్కన కూర్చుంటూ. "మనం వెళ్ళి విప్పేద్దాం."

"సిపాయి మెడ మీదికి కత్తి తీసుకెళితే ఊరుకుంటారా?"

"అడిగి విప్పుదాం."

పిన్ని ఆమెని ఎగాదిగా చూసింది. కాసేపటికి అర్థమై, "నీ బుర్రకి గట్టిగా ఒక బొత్తాం కుట్టించాలి," అంది. కానీ లేచి, సొరుగులోంచి రెండో కత్తి తీసింది.

ఇంకో భయం మిగిలే ఉంది, దాన్ని చెప్పింది కూడా పిన్నే. కుట్టు విప్పగానే కుర్రాళ్ళ మీద ఇన్నాళ్ళ భయం ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. అప్పుడు ఎదురుగా రాళ్ళు పట్టుకున్న మనుషులు కనిపిస్తే బెదిరిపోయి ఏమైనా చేస్తారు. అందుకని, ఆ పూట రాళ్ళు పట్టుకోవద్దని అడగడానికి ఆరా ఇస్త్రీ అక్క ఇంటికి వెళ్ళింది. మంచం మీద, మెడకి వేలాడగట్టిన చేత్తో ఆమె తండ్రి ఉన్నాడు. ఈసారి ఆరా ఏదీ దాచలేదు. కర్ర ఎవరిదో కూడా చెప్పింది.

ఇస్త్రీ అక్క గోడకేసి తిరిగి నిలబడింది. "పొమ్మను దీన్ని" అంది తండ్రితో.

"పోతుందిలే," అన్నాడాయన. "ఆ కుర్రాడికి ఇప్పుడు తెలుస్తోందా, తను చేసింది?"

"తెలుస్తోంది. దీంతో బతకలేనన్నాడు."

ఇస్త్రీ అక్క ఇటు తిరగకుండానే, "మావాళ్ళు రాళ్ళు కింద పెడతారని నేను మాటివ్వను. చెప్పి మాత్రం చూస్తాను," అంది.

దళపతి చెప్పిన పొద్దున రానే వచ్చింది. టవరు ముందు ఒకవైపు కొండవీధి జనం, ఇంకోవైపు సిపాయిల వరస. మధ్యలో ఎండ తప్ప ఏమీ లేదు. దళపతి గుర్రం మీద, వరస వెనకాల ఉన్నాడు. పిన్ని కొలతల టేపు మెడలో వేసుకుని, "కాలర్లు సరిచూడాలి బాబూ" అంటూ వరస ఒక కొసకి వెళ్ళింది. కుట్టుశాల పెద్దని ఎవరు ఆపుతారు? ఆరా ఇంకో కొసకి వెళ్ళింది.

"అన్నా, నీ కాలరు లోపలి కుట్టు విప్పనా?"

మొదటి సిపాయి ఆమె వైపు చూశాడు. "విప్పు. ఏం ఫర్వాలేదు." మెడ వంచాడు కూడా.

నాలుగు తెంపులు, ఒక లాగుడు. రెండోవాడి దగ్గరికి వెళ్ళేసరికి మొదటివాడు ఊపిరి గట్టిగా పీల్చి కర్ర మీద ఆనుకున్నాడు. మూడోవాడు. నాలుగోవాడు. ఐదోవాడు నెత్తిన నీళ్ళు పోయించుకున్న కుర్రాడే. వరసలో ఎవరో వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టారు. ఒకడు కూలబడి వాంతి చేసుకున్నాడు. ఒకడు కర్ర పారేసి, ఎటు వెళ్ళాలో తెలియనట్టు రెండడుగులు అటూ రెండడుగులు ఇటూ వేశాడు.

"ఏం జరుగుతోందక్కడ?" అని దళపతి గుర్రాన్ని ముందుకు దూకించాడు. "పట్టుకోండా పిల్లని!"

కుట్టు ఉన్నవాళ్ళు ఇద్దరు ఆరా వైపు కదిలారు. అప్పుడే జనంలోంచి ఒక రాయి వచ్చింది. అది వరస మధ్యలో ఉన్న అన్నయ్య కనుబొమ్మ మీద తగిలింది. రక్తం బొటబొటా కారింది. అతని చేతిలో కర్ర పైకి లేవడం ఆరా చూసింది. అతని కళ్ళలో భయం చూసింది. కర్ర అలాగే గాల్లో ఆగి, నెమ్మదిగా కిందికి దిగి, నేల మీద పడింది. జనం ముందు నిలబడిన ఇస్త్రీ అక్క, కట్టు కట్టిన చెయ్యి ఎత్తి వెనక్కి తిరిగి గావుకేక పెట్టింది. "ఇంకొక్క రాయి లేచిందంటే ముందు నా మీద వెయ్యండి!"

ఆరా తన మీదికి వస్తున్న సిపాయిలిద్దరినీ చూసింది. పారిపోవాలనిపించింది. పారిపోకుండా, "మీవి కూడా విప్పనా అన్నా?" అంది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఫర్వాలేదు, విప్పు" అన్నాడు ఒకడు.

ఆ తరవాత పెద్ద యుద్ధమేమీ జరగలేదు. దళపతి అరుస్తూనే ఉన్నాడు. వినేవాళ్ళు తగ్గిపోతూ వచ్చారు. తన వైపు తిరిగి చూస్తున్న మొహాల్లో మొదటిసారి కోపం కనిపించగానే అతను గుర్రాన్ని వెనక్కి తిప్పాడు. టవరు తాళంచెవి వణుకుతున్న ఒక సిపాయి నడుముకి ఉంది. కొండవీధి ముసలామె దగ్గరికెళ్ళి చెయ్యి చాచింది. అతను ఇచ్చేశాడు. కుండలు నిండుతున్న చప్పుడు మధ్యాహ్నం దాకా వినిపిస్తూనే ఉంది. పిన్ని అంతసేపూ ఎండలో కూర్చుని, వచ్చిన ప్రతి కుర్రాడి కాలరూ విప్పుతూ, వాళ్ళు ఏడుస్తుంటే ఏమీ అనకుండా మెడ మీద చెయ్యి వేసి ఉంచింది.

కోట కూలిపోలేదు. కోట పెద్ద ఇప్పటికీ గోడల వెనకే ఉన్నాడు. టవరు జోలికి మాత్రం మళ్ళీ రాలేదు. పిన్నిని పిలిపించి కుట్టమన్నారు. ఆవిడ బుద్ధిగా కూర్చుని రోజుల తరబడి కుట్టింది. ఒక్కటీ పట్టలేదు. విసుగొచ్చి ఇంటికి పంపేశారు. కుట్టుశాల నుంచి ఆరానీ పంపేశారు. ఇప్పుడు ఇద్దరూ ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని ఊళ్ళోవాళ్ళ బట్టలు కుడుతున్నారు. ఇస్త్రీ అక్క అప్పుడప్పుడూ వస్తుంది. మునుపటంత చనువు లేదు. అలాగని రావడం మానలేదు.

అన్నయ్య కోటు వదిలేశాడు. వెతుక్కుంటూ ఎవరూ రాలేదు. ఒక పొద్దున కొండ మీది రాళ్ళ క్వారీకి వెళ్ళాడు. ఇస్త్రీ అక్క తండ్రికి చెయ్యి సరిగ్గా అతకలేదు, సుత్తి ఎత్తలేడు. అన్నయ్య సుత్తి అందుకున్నాడు. ఆయన వద్దనలేదు, రమ్మనీ అనలేదు. అలా వారాల తరబడి, ఒకరు కొడుతూ ఒకరు చూస్తూ, మాటలు లేకుండానే గడిచాయి.

"ఏమైనా అన్నాడా ఇవాళ?" అని ఆరా రోజూ అడిగేది. అన్నయ్య తల అడ్డంగా ఊపి, అరచేతుల్లో పొక్కులకి నూనె రాసుకునేవాడు.

ఒక సాయంత్రం అడక్కుండానే చెప్పాడు. "ఇవాళ మాట్లాడాడు."

ఆరా చేతిలో గుడ్డ పక్కన పెట్టింది. "ఏమన్నాడు?"

"'ఆ రాయి అలా కొడితే పగలదురా, ఇటు తిప్పి కొట్టు' అన్నాడు."

"తిప్పావా?"

"తిప్పాను. పగిలింది."

"ఆయనేమన్నాడు మరి?"

"ఇంకో రాయి చూపించాడు," అన్నాడు అన్నయ్య, చేతులు కడుక్కోవడానికి లేస్తూ.